కుక్క దురదకి రెండు చరిత్రలు

కుక్కకి దురద అని ఎవరికైనా చెప్పి చూడండి. వచ్చే సలహాలన్నీ రెండే రకాలు. మొదటి రకం "అది పెట్టు": చేప నూనె పెట్టు, కొబ్బరి నూనె పెట్టు, గుడ్డు పెట్టు, జింక్ మాత్ర వెయ్యి. రెండో రకం "అది మానెయ్": చికెన్ మానెయ్, పాలు మానెయ్, గోధుమ బిస్కెట్లు మానెయ్. చెప్పేవాళ్ళు రెండు రకాలూ ఒకే ఊపులో చెప్పేస్తారు. వినేవాళ్ళు రెండూ ఒకే రోజు మొదలుపెడతారు. నెల తిరిగేసరికి అలమరలో నాలుగు సీసాలుంటాయి, కుక్క మాత్రం గోక్కుంటూనే ఉంటుంది.

ఈ రెండు రకాల సలహాలకీ వేరు వేరు చరిత్రలున్నాయి. ఒకటి పోషకాల లోపాల చరిత్ర, రెండోది ఎలర్జీల చరిత్ర. వాటిని వేరు వేరు మనుషులు, వేరు వేరు జబ్బుల్ని చూస్తూ కనిపెట్టారు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి, ఎందుకంటే రెండింటిలోనూ చర్మమే పాడవుతుంది, రెండింటికీ మందు అన్నం గిన్నెలోనే ఉందంటారు. కానీ అవి కలిసిపోయిన చోటే మన డబ్బూ, కుక్క ఒళ్ళూ పాడవుతున్నాయని నా అభిప్రాయం. ఈ టపా ఆ రెండు చరిత్రల గురించి. కొంచెం పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చోండి :)

నాకెందుకీ గొడవ అంటే, మా ఇంట్లో ఒక పగ్ ఉంది. పేరు బొండాం, బరువు 8 కిలోలు. 2003లో హచ్ వాళ్ళ యాడ్‌లో పిల్లాడి వెనకాలే నడిచిన కుక్క గుర్తుంది కదా, అదే జాతి. అప్పుడు నేను ఒకటో తరగతి. హచ్ 2007లో వొడాఫోన్ అయిపోయింది గానీ, మా వీధిలో కొంతమంది ఇప్పటికీ బొండాన్ని "హచ్ కుక్క" అనే పిలుస్తారు. ఆ యాడ్ చెప్పనిదేమిటంటే ఈ ముడతల జాతికి చర్మం గొడవలు ఎక్కువ. బొండానికి రెండో ఏడు దాటాక చెవులు ఎర్రబడటం, పాదాలు నాకుతూ ఉండటం, పొట్ట కింద గోకి గోకి రక్తం రావటం మొదలైంది. మా అమ్మ మొదటిరోజే తేల్చేసింది: "చికెన్ వేడి చేసిందిరా దానికి!"

ఈ "వేడి చెయ్యటం" అనేది మన దగ్గర మాత్రమే ఉన్న మాట అనుకుంటాం. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో కుక్కల పెంపకం మీద వచ్చిన పుస్తకాల్లోనూ సరిగ్గా ఇదే మాట ఉంటుంది. మాంసం ఎక్కువైతే రక్తం వేడెక్కుతుంది, ఓట్స్ వేడి, మొక్కజొన్న వేడి, రక్తం వేడెక్కితే చర్మం మీద పొక్కులొస్తాయి... ఇలా సాగుతుంది వాళ్ళ వాదన. విరుగుడుగా విరేచనాల మందు, గంధకం పూత. అంటే లండన్ పెద్దమనిషీ, మా అమ్మా ఒకే థియరీ నమ్మారన్నమాట.

ఆ రోజుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. కుక్క గోక్కుంటే దాదాపు అన్నిటికీ ఒకటే పేరు: గజ్జి. గజ్జికి కారణం కంటికి కనబడనంత చిన్న పురుగు అని ఇటలీలో బొనోమో 1687లోనే రాశాడు. డాక్టర్లు దాన్ని పట్టించుకోలేదు. 1834లో పారిస్‌లో రెనుచ్చి అనే వైద్య విద్యార్థి అందరి ముందూ రోగి చర్మంలోంచి పురుగుని సూదితో తీసి చూపించాక గానీ నమ్మలేదు. ఆ తర్వాత మెల్లగా గజ్జి వేరు, మిగతా దురదలు వేరు అని విడదీయటం మొదలైంది. ఇప్పటికీ డాక్టరు దగ్గరికి వెళ్తే మొదట చేసే పని అదే. చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెట్టి పురుగులున్నాయా, పిడుదులున్నాయా, ఫంగస్ ఉందా, బాక్టీరియా చేరిందా అని చూడటం. ఇవన్నీ లేవని తేలాకే తిండి సంగతి. ఈ వరస తప్పితే మిగతాదంతా వృథా.

సరే, మొదటి చరిత్రకొద్దాం. దీన్ని "చేర్చే చరిత్ర" అందాం.

కుక్కలకి ప్రత్యేకంగా తిండి తయారుచేసి అమ్మటమనేది 1860ల్లో మొదలైన వ్యాపారం. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికావాడు పిడుగుల నుంచి ఇళ్ళని కాపాడే కడ్డీలు అమ్ముకోవటానికి లండన్ వెళ్ళాడట. అక్కడ ఓడరేవులో వీధికుక్కలు నావికులు పారేసిన గట్టి బిస్కెట్లు తింటుంటే చూసి ఆయనకి ఆలోచన వచ్చిందని చెప్తారు. గోధుమపిండి, కూరగాయలు, ఎండబెట్టిన మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేసి పెద్ద ఇళ్ళవాళ్ళకి అమ్మాడు. ఆయన కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ అనే కుర్రాడే తర్వాత ప్రపంచ ప్రసిద్ధి పొందిన క్రఫ్ట్స్ డాగ్ షో మొదలుపెట్టాడు. కుక్క తిండి అమ్మేవాడే జాతి కుక్కల మోజుని కూడా పెంచాడు. మార్కెటింగ్ వాళ్ళు గమనించగలరు.

అమెరికాలో 1922లో కెన్-ఎల్ రేషన్ అనే పేరుతో డబ్బాల్లో గుర్రం మాంసం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో రేకు, మాంసం దొరక్క పొడి తిండి పెరిగింది. 1957లో ప్యూరినా వాళ్ళు, పిండిని వేడిలో ఒత్తి బయటికి తోసే యంత్రంతో చేసిన గుళికలు తెచ్చారు. ఇవాళ మన సూపర్ మార్కెట్లలో సంచుల్లో కనిపించేది ఆ గుళికల వారసులే. ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి, పెడిగ్రీ తయారుచేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ హైదరాబాద్ పక్కన సిద్దిపేట జిల్లాలోనే ఉంది.

ఇలా ఒకే రకం తిండి రోజూ పెట్టటం మొదలైతే ఒక ప్రశ్న వస్తుంది. అందులో అన్నీ ఉన్నాయా? 20వ శతాబ్దం మొదటి సగమంతా శాస్త్రవేత్తలు వెతికింది ఇదే. ఆ వెతుకులాటలో కుక్కలే ముందువరసలో ఉన్నాయి. 1918-19లో లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లల్ని ఇంట్లో ఉంచి ఓట్స్ లాంటి తిండి మీద పెంచాడు. వాటికి ఎముకలు వంకర్లు పోయాయి. కాడ్ లివర్ ఆయిల్ పోస్తే బాగయ్యాయి. విటమిన్ డి కథ మొదలైంది అక్కడ.

తర్వాతిది నాకు బాగా దగ్గరగా అనిపించిన కథ. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు విపరీతంగా ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి, గరుకుగా పొలుసులు కట్టేది. తర్వాత విరేచనాలు, మతి చలించటం, చావు. అంటురోగమనుకునేవాళ్ళు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు కాదు, ఇది తిండి లోపం అన్నాడు. ఆయనకి సాక్ష్యంగా దొరికింది కుక్క. మొక్కజొన్న లాంటి పేదల తిండి పెడితే కుక్కలకి నాలుక నల్లబడే జబ్బు వచ్చేది, దాన్ని "బ్లాక్ టంగ్" అనేవారు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెం ఆ కుక్కలకి నికోటినిక్ ఆసిడ్ ఇస్తే తేరుకున్నాయి. అదే మందు మనుషులకీ పనిచేసింది. ఇవాళ మనం నియాసిన్ అనే బి విటమిన్ అది.

ఇందులో మనకి దగ్గరేముంది అంటారా? తార్నాక! జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. అప్పటికి ఇంకా ఆ పేరు లేదు, 1969లో పెట్టారు. ఇక్కడి ఆసుపత్రులకి పెల్లాగ్రా రోగులు వస్తుండేవారు. వాళ్ళు మొక్కజొన్న తినేవాళ్ళు కాదు, జొన్న రొట్టె, జొన్న గటక తినే దక్కన్ పేదలు. 1960లో గోపాలన్, శ్రీకాంతియా అనే ఇద్దరు దీని మీద లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆసిడ్ ఎక్కువ, అది నియాసిన్ పనికి అడ్డుపడుతుందేమో అని వాళ్ళ అనుమానం. 1960ల్లోనే ఆ సంస్థ వాళ్ళు కుక్కపిల్లలకి లూసిన్ ఎక్కువున్న తిండి పెట్టి బ్లాక్ టంగ్ తెప్పించి చూపించారు. లూసిన్ వాదం మీద తర్వాత చాలా చర్చ జరిగింది, అది వేరే కథ. కానీ నేను రోజూ ఆఫీసుకి పోయే దారిలో ఉన్న గోడ వెనకాల ఈ చరిత్ర ఉందని తెలిశాక ఆ రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ కూడా కాస్త ఓర్చుకోగలుగుతున్నా.

చేర్చే చరిత్రలో చర్మానికి నేరుగా సంబంధించిన ఘట్టం 1929లో మిన్నెసోటాలో జరిగింది. జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకి అసలు కొవ్వే లేని తిండి పెట్టారు. ఎలుకల తోకలు, పాదాలు పొలుసులు కట్టాయి, ఎదుగుదల ఆగిపోయింది. లినోలిక్ ఆసిడ్ అనే ఒకే ఒక్క కొవ్వు ఆమ్లం కొంచెం చేరిస్తే బాగయ్యాయి. కొవ్వంటే ఒంట్లో కాలే కట్టెపుల్ల మాత్రమే అనుకునే రోజుల్లో ఇది చాలామందికి మింగుడుపడలేదు. 1940, 50ల్లో హాన్సెన్, వీస్ అనేవాళ్ళు కొవ్వు తక్కువైన తిండితో కుక్కపిల్లల చర్మం ఎండిపోయి పొట్టు రాలుతుందని చూపించారు. "నూనె పెట్టు, బొచ్చు మెరుస్తుంది" అనే సలహాకి శాస్త్రీయమైన తాత ఇదన్నమాట.

ఇంకో ఉదాహరణ చాలు. 1981-82లో అమెరికాలో బ్రాండు లేని చవక కుక్క తిండి తిన్న 13 కుక్కలకి మూతి చుట్టూ, కీళ్ళ మీద మందంగా పెచ్చులు కట్టాయి. మంచి తిండికి మారిస్తే కొద్ది వారాల్లో పోయాయి. జింక్ లాంటి పోషకాలు ఒంటికి పట్టకపోవటమే కారణం అయ్యుంటుందని డాక్టర్లు అనుకున్నారు. సైబీరియన్ హస్కీ లాంటి కొన్ని జాతులకైతే పుట్టుకతోనే జింక్ సరిగ్గా ఒంటపట్టదు, వాటికి జింక్ మాత్రలు నిజంగా మందే.

గమనించారా, ఈ కథలన్నిటిలో పద్ధతి ఒకటే. ఏదో తక్కువైంది, అదేమిటో పట్టుకున్నారు, చేర్చారు, వారాల్లో బాగైంది. గెలుపు కథలు. కాబట్టే జనం మనసులో నాటుకుపోయాయి.

ఇప్పుడు రెండోది, "తీసేసే చరిత్ర". ఇదీ కుక్కతోనే మొదలవుతుంది, విషాదంగా.

1901లో మొనాకో రాజు ఆల్బర్ట్ పడవ మీద చార్లెస్ రిషే, పోల్ పోర్తియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు సముద్రపు జీవుల విషం మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. తిరిగొచ్చాక సీ అనిమోన్ విషంతో కొనసాగించారు. కొద్దికొద్దిగా విషమిస్తే కుక్కకి అలవాటుపడి తట్టుకునే శక్తి వస్తుందని వాళ్ళ ఆశ. నెప్ట్యూన్ అనే కుక్కకి మొదటి డోసు ఇచ్చారు, ఏమీ కాలేదు. కొన్ని వారాలాగి మళ్ళీ ఇచ్చారు. అరగంటలోపే నెప్ట్యూన్ చచ్చిపోయింది. రక్షణ వస్తుందనుకుంటే దానికి పూర్తిగా వ్యతిరేకమైనది వచ్చింది. 1902లో దీనికి ఎనఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకి నోబెల్ వచ్చింది. మధ్యలో 1906లో వియన్నా డాక్టర్ పిర్కే "ఎలర్జీ" అనే మాట పుట్టించాడు.

ఇక్కడ ఆలోచన తలకిందులైంది చూడండి. లోపం అంటే మన భాషలో మిస్సింగ్ డిపెండెన్సీ. లైబ్రరీ లేదు, ప్రోగ్రామ్ ఆగిపోయింది, ఇన్‌స్టాల్ చెయ్యి, నడుస్తుంది. ఎలర్జీలో అన్నీ ఉన్నాయి, తిండిలో తప్పేమీ లేదు. ఒంటి ఫైర్‌వాలే మామూలు ప్రోటీన్‌ని దొంగగా రాసుకుంది. పైగా ఆ రూల్ మొదటి పరిచయంలో రాదు, పరిచయమయ్యాకే రాస్తుంది. అందుకే "ఏళ్ళ తరబడి ఇదే చికెన్ తింటోందండీ, ఇప్పుడెలా వస్తుంది?" అనే ప్రశ్నకి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఏళ్ళ తరబడి తింటోంది కాబట్టే. ఇలాంటి చోట ఎన్ని లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు, ఏ ప్యాకెట్‌కి ఫైర్‌వాల్ అరుస్తోందో పట్టుకోవాలి.

పట్టుకునే పద్ధతి కనిపెట్టింది మనుషుల డాక్టరు. కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ రో 1920ల్లో రోగుల తిండిలోంచి అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి తీసేసి, అరుదుగా ఎలర్జీ ఇచ్చే నాలుగైదు పదార్థాల మీద కొన్ని వారాలుంచేవాడు. జబ్బు తగ్గితే ఒక్కొక్కటే తిరిగి చేర్చేవాడు. 1931లో దీని మీద పుస్తకం రాశాడు. మనం బగ్ దొరకనప్పుడు కోడ్ అంతా కామెంట్ చేసి, ఒక్కో బ్లాకు తెరుస్తూ పోతాం కదా, సరిగ్గా అదే.

కుక్కలకీ మనలా ఎలర్జీ వస్తుందని మొదట రాసింది 1941లో, మినియాపొలిస్‌కి చెందిన విట్టిక్ అనే ఎలర్జీ డాక్టరు. ప్రతి ఏడూ ఒకే కాలంలో రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడితో ఇబ్బందిపడే ఒక కుక్క గురించి రాశాడు. మీకు గుర్తుంటే, బర్ దంపతుల ఎలుకలూ ఆ రాష్ట్రంలోవే. రెండు చరిత్రలూ ఒకే ఊరి చుట్టుపక్కల తిరిగాయి, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా. 1967లో ఇంగ్లండులో వాల్టన్ అనే పశువైద్యుడు తిండి వల్లే చర్మం పాడైందని రుజువైన 100 కుక్కలు, పిల్లుల కేసులు ప్రచురించాడు. ఆ రోజుల్లోనే ఎలర్జీకి కారణమయ్యే ఐజీఈ అనే యాంటీబాడీని అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిక్ వేరు వేరుగా పట్టుకున్నారు.

తర్వాత జరిగింది నాకు నవ్వూ, ఏడుపూ ఒకేసారి తెప్పించే ఘట్టం. అమెరికా కుక్కలు గొర్రె మాంసం పెద్దగా తినవు కాబట్టి, పరీక్ష కోసం అక్కడి డాక్టర్లు గొర్రె మాంసం, అన్నం పెట్టమనేవారు. అందులో గొర్రెకి ప్రత్యేక మహిమేమీ లేదు, ఆ కుక్కకి కొత్త కాబట్టి పనికొచ్చింది, అంతే. 1980ల్లో కంపెనీలు దీన్ని పట్టుకుని "లాంబ్ అండ్ రైస్" సంచులు షాపుల నిండా నింపేశాయి. చర్మానికి మంచిదని ప్రచారం. జనం అందరూ అదే పెట్టారు. కొన్నేళ్ళకి గొర్రె మాంసం కుక్కలకి కొత్తది కాకుండా పోయింది, దానికీ ఎలర్జీలు కనిపించాయి. డాక్టర్లు జింక మాంసానికీ, కుందేలు మాంసానికీ పారిపోవాల్సొచ్చింది. అవి కూడా షాపుల్లోకి వచ్చేశాయి. 2011లో అమెరికాలో షాపుల్లో దొరికే నాలుగు రకాల జింక మాంసం తిండ్లు పరీక్షిస్తే, లేబుల్ మీద లేకపోయినా మూడింట్లో సోయా ఆనవాళ్ళు దొరికాయి, ఒకదాంట్లో బీఫ్. ఫైర్‌వాల్‌కి ఆ కాస్త చాలు.

పారిపోయే దారులు అయిపోతుండటంతో 1990ల చివర్లో ఇంకో ఉపాయం వచ్చింది. ప్రోటీన్‌ని ఎంజైములతో ముందే చిన్న చిన్న ముక్కలు చేసి, రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టలేని సైజుకి తెచ్చి పెట్టటం. వీటిని హైడ్రలైజ్డ్ తిండ్లు అంటారు. డాక్టరు చీటీ మీద ఇస్తారు, ఖరీదెక్కువ.

తీసేసే చరిత్రకి మంచి లెక్కలు ఈమధ్యే వచ్చాయి. పరీక్ష ఎన్నాళ్ళు చెయ్యాలని 2015లో ఆలివ్రీ, మ్యూలర్, ప్రెలో పాత కేసులన్నీ కలిపి చూశారు. తిండి ఎలర్జీ ఉన్న కుక్కల్లో 5 వారాలకి 80 శాతం పైగా, 8 వారాలకి 90 శాతం పైగా తేరుకున్నాయి. పది రోజులు చూసి "ఏం లాభం లేదండీ" అనటం కుదరదన్నమాట. 2016లో వాళ్ళే ఏ తిండి నేరస్తుడో లెక్కేశారు. 297 కుక్కల్లో బీఫ్ 34 శాతం, పాల పదార్థాలు 17, చికెన్ 15, గోధుమ 13, గొర్రె 5 శాతం. ఇవి ఎక్కువగా పడమటి దేశాల కుక్కలు, అక్కడ ఏది ఎక్కువ తింటే అదే జాబితాలో పైన ఉంటుంది. మన ఇళ్ళల్లో కుక్కలు తినేది చికెన్, పాలు, పెరుగన్నం, గోధుమ బిస్కెట్లు. కాబట్టి "మాది శాకాహార కుక్కండీ, పెరుగన్నమే తింటుంది, ఎలర్జీ ఎలా వస్తుంది?" అనేవాళ్ళు ఆ 17 శాతం వైపు ఓసారి చూడాలి.

ఇక్కడో హెచ్చరిక. దురదపడే కుక్కలన్నిటికీ తిండే కారణం కాదు. ఇంటి దుమ్ములో ఉండే మైట్లు, పుప్పొడి, బూజు వల్ల దురదపడేవే ఎక్కువ. చాలావాటికి రెండూ ఉంటాయి. రక్తం తీసి, లాలాజలం తీసి "తిండి ఎలర్జీ రిపోర్టు" ఇచ్చే పరీక్షలు దొరుకుతున్నాయి గానీ వాటి మీద చర్మవైద్యులకి నమ్మకం లేదు. 1920ల నాటి రో గారి పద్ధతే ఇప్పటికీ ప్రమాణం. వందేళ్ళ నాటి డీబగ్గింగ్ టెక్నిక్!

ఇప్పుడు నా అసలు వాదన. చేర్చే చరిత్రని సీసాలో పోసి అమ్మొచ్చు. తీసేసే చరిత్రని అమ్మటం కష్టం, ఎందుకంటే అది ఒక వస్తువు కాదు, 8 వారాల క్రమశిక్షణ. అందుకే షాపుల్లో ఎలర్జీకి కూడా చేర్చే మందులే ఎక్కువ కనిపిస్తాయి. బ్రాండెడ్ తిండి తినే కుక్కకి జింక్, విటమిన్ ఏ, డి లోపాలు రావటం అరుదు. దాని మీద ఇంకా పోస్తే మంచి జరక్కపోగా ఏ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుని విషమవుతాయి. మెల్లన్‌బీ వాడిన కాడ్ లివర్ ఆయిల్ వేరు, ఇవాళ ఒమేగా-3 కోసం వాడే మామూలు ఫిష్ ఆయిల్ వేరు. మొదటిదాంట్లో ఏ, డి విటమిన్లు దండిగా ఉంటాయి. 8 కిలోల కుక్కకి రోజూ కాడ్ లివర్ ఆయిల్ స్పూన్లతో పోస్తే ఏమవుతుందో ఆలోచించండి.

తీసెయ్యటాన్ని కూడా సరుకుగా మార్చారు, "గ్రెయిన్ ఫ్రీ" పేరుతో. పై లెక్క చూస్తే ధాన్యాల్లో గోధుమ ఒక్కటే చెప్పుకోదగ్గది, అదీ మాంసాలూ పాల తర్వాతే. ధాన్యం తీసేసి బఠాణీలు, పప్పులు దట్టించిన తిండ్లకీ కుక్కల గుండెజబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది. కారణం కచ్చితంగా తేలలేదు, 2022 చివర్లో ఇక క్రమం తప్పకుండా వివరాలు ఇవ్వమని ప్రకటించింది. అవసరం లేనిదాన్ని తీసెయ్యటం కూడా ఖర్చులేని పని కాదని మాత్రం అందరికీ తెలిసొచ్చింది.

బొండాం సంగతికొస్తే, గజ్జి లేదు, ఫంగస్ లేదు అని తేలాక డాక్టరుగారు సీసాలన్నీ పక్కన పెట్టించి పరీక్ష మొదలుపెట్టించారు. బొండాం ఎప్పుడూ తినని మాంసం కావాలి. మా ఇంట్లో దానికి చేప పెట్టిన పాపాన పోలేదు. ముళ్ళు తక్కువని కొరమీను, తోడుగా చిలగడదుంప. ఉప్పు, కారం, ఉల్లిపాయ, వెల్లుల్లి ఏమీ లేవు (ఉల్లిజాతి కుక్కకి విషం, ఎలర్జీ లేకపోయినా పెట్టకండి). వారానికి రెండుసార్లు కొరమీను కొంటుంటే చేపలమ్మి "ఇంట్లో చుట్టాలా బాబూ?" అని అడిగేది. కుక్కకని చెప్పటానికి ధైర్యం చాల్లేదు.

వంట సులువే, మనుషులే కష్టం. లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ గారి బిస్కెట్, పక్కింటి పాప చీజ్ ముక్క, మా నాన్నగారి పెరుగన్నం చివరి ముద్ద... ఇవన్నీ ఆగాలి. నులిపురుగుల మందు, పిడుదుల మందు కూడా కొన్ని చికెన్, బీఫ్ రుచితో వస్తాయి, పరీక్షలో అవి కూడా మార్చాలి. నేనొక ఎక్సెల్ షీటు పెట్టాను. రోజూ రాత్రి దురదకి 0 నుంచి 10 మధ్య ఒక అంకె. మొదటి వారం 7. ఆరో వారానికి 3. ఎనిమిది వారాలయ్యాక డాక్టరుగారు చెప్పినట్టు చికెన్ తిరిగి పెట్టాం. మూడో రోజుకి చెవులు ఎర్రబడి అంకె 6కి పోయింది. మానేస్తే మళ్ళీ 3. ఇలా తిరిగి పెట్టి చూడటానికి చాలామందికి మనసొప్పదు, బాగైందిగా వదిలెయ్ అంటారు. కానీ రీప్రొడ్యూస్ చెయ్యని బగ్‌ని ఫిక్స్ చేశామని ఏ టెస్టరు ఒప్పుకుంటాడు? తగ్గింది తిండి వల్లా, వానాకాలం పోయినందువల్లా అని తెలియాలంటే ఇదొక్కటే దారి. పాలు, పెరుగు పెట్టి చూస్తే ఏమీ కాలేదు. నాన్నగారి పెరుగన్నం నిర్దోషిగా విడుదలైంది :)

మా అమ్మ "నే చెప్పలా, చికెన్ వేడని!" అంది. నిజమే, ఆవిడ కళ్ళు సరిగ్గానే చూశాయి. ఎవరో ఎప్పుడో ఏదో తింటే ఒళ్ళు పేలటం చూసి, కారణం తెలియక దానికి "వేడి" అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లండు పుస్తకాలవాళ్ళూ అంతే. తేడా ఎక్కడొస్తుందంటే, వేడి థియరీ ప్రకారం చికెన్ అన్ని కుక్కలకీ చెడ్డది. ఎలర్జీ ప్రకారం బొండానికి చెడ్డది, పై అంతస్తులో లాబ్రడార్‌కి మంచి భోజనం.

మిగిలిన ఆ 3 సంగతి ఏమిటి? అది బహుశా దుమ్ము మైట్ల వాటా. తిండి దాన్ని ముట్టుకోదు. దానికి వారానికోసారి మందు షాంపూ స్నానం, పడక గుడ్డలు వేడినీళ్ళలో ఉతకటం, మరీ ఎక్కువైనప్పుడు మందులు. 2013లో ఓక్లాసిటినిబ్ మాత్ర, 2016లో లొకివెట్‌మాబ్ ఇంజెక్షను అమెరికాలో అనుమతి పొందాక స్టెరాయిడ్ల మీద ఆధారపడటం చాలా తగ్గింది. బర్ దంపతుల నూనెకీ ఇక్కడే సరైన చోటు దొరికింది. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో కొవ్వు ఆమ్లాలు ఇచ్చిన ఎలర్జీ కుక్కలకి స్టెరాయిడ్ అవసరం తగ్గింది, అదీ రెండు నెలలు దాటాక. అంటే ఫిష్ ఆయిల్ జబ్బుని మాన్పదు, డాక్టరు చెప్పిన డోసులో ఓపిగ్గా ఇస్తే మిగతా మందుల భారం కొంత దించుతుంది. బొండానికి ఇప్పుడు ఉన్న సీసా అదొక్కటే.

ఇంకో మాట. చేప, దుంప మీద 8 వారాలు ఫరవాలేదు గానీ జీవితాంతం అదే పెడితే కాల్షియం, జింక్, అయొడిన్, విటమిన్లు చాలవు. అప్పుడు నిజంగానే లోపాలొస్తాయి! అందుకే దోషి ఎవరో తేలాక, చికెన్ లేని పూర్తి స్థాయి తిండికి మారాం. ఇంట్లోనే వండుతామనేవాళ్ళు పశుపోషణ తెలిసిన డాక్టరుతో లెక్క రాయించుకోవాలి. తీసెయ్యాల్సింది తీసేశాక, తీసేసినందువల్ల తగ్గినవాటిని చేర్చటం... రెండు చరిత్రలూ కలవాల్సింది ఈ వరసలో.

ఇదంతా ఒక చిన్న కుక్క గురించి ఇంత గొడవా అనిపించొచ్చు. మన భాషలో "గజ్జికుక్క" అనేది తిట్టు. బొచ్చు ఊడి, గోక్కుంటూ తిరిగే కుక్కని చూస్తే మనకి ముందు అసహ్యం, తర్వాత అంటుకుంటుందేమోనని భయం. గజ్జి అయితే భయంలో కొంత అర్థముంది, దానికి మందూ ఉంది. ఎలర్జీ అయితే అసలు అంటుకోదు. యాడ్ చూసి ముచ్చటపడి కొన్న పగ్‌లని చర్మం పాడవగానే రోడ్డు మీద వదిలేసేవాళ్ళున్నారు. మా అపార్ట్‌మెంటులోనే ఒకాయన బొండాన్ని చూసి "ఎందుకు బాబూ, ఎక్కడన్నా వదిలెయ్యరాదూ" అన్నారు. పురుగు పరీక్ష రిపోర్టు చూపిస్తే సరేనన్నారు, ఇప్పుడు లిఫ్టులో దాని తల నిమురుతారు కూడా.

మీ ఇంట్లోనూ గోక్కునే చిన్న ప్రాణి ఉంటే, రేపు కొత్త సీసా కొనేముందు డాక్టరుగారిని రెండు ప్రశ్నలు అడగండి: "దీనికి తక్కువైంది ఏమైనా ఉందా? లేక సరిపడనిది ఏదైనా ఉందా?" రెండో దానికి "చూడాలి" అని జవాబొస్తే, ఎక్సెల్ షీటు తెరిచి, వాచ్‌మన్ గారితో మాట్లాడి, 8 వారాలకి సిద్ధమవ్వండి. చేపలమ్మికి ఏం చెప్పాలో మాత్రం నన్నడక్కండి.